మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టే

లక్ష్మి గుమ్మం ముందు చెప్పులు విడుస్తూనే చెప్పింది, "బాపు పోయిండక్కా" అని. నేను "ఎక్కడికి?" అన్నాను. మాట నోరు జారాక గాని ఏం అడిగానో నాకు తెలియలేదు. మా వైపు పక్క ఊరికి వెళ్లినా పోయిండే, లోకం విడిచి వెళ్లినా పోయిండే. ఏ పోవడమో చెప్పేవాళ్ల మొహం చూసి తెలుసుకోవాలి. నేను మొహం చూడలేదు. కంటి డాక్టరు దగ్గరికని ఉట్నూర్ నుంచి కరీంనగర్ వచ్చిన మనిషి, నల్లద్దాలు పెట్టుకుని ఉంది, చూసినా తెలిసేది కాదేమో. ఆమె ఏమీ అనుకోలేదు. "రెండు నెల్లాయె. నీకు చెప్దామంటే నంబర్ దొరకలే. బాపు డైరీల మీ ఇంటి పాత ఫోన్ నంబరే ఉన్నది" అంది. కూర్చోబెట్టి చాయ పెట్టాను. అల్లం దంచాను, పాలు పొంగకుండా చూశాను, చక్కెర ఎంత వెయ్యాలని అడిగాను. ఒక మనిషి లేడని విన్నప్పుడు లోపల ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కదలాలి గదా. ఏమీ కదల్లేదు. ఆమె వెళ్లాక కప్పులు కడిగి బోర్లించి, ఇంతేనా అనుకున్నాను.

లక్ష్మి వాళ్ల బాపు గంగారాం సార్. ఉట్నూర్‌లో పిల్లలకు తెలుగు చెప్పేవాడు. మేమిద్దరం ఎదురుపడి మాట్లాడుకున్నది రెండే సార్లు. కానీ రెండేళ్ల పాటు మా మధ్య కవర్లు తిరిగాయి, ఆర్టీసీ బస్సులో. ఆ రెండేళ్ల గురించి నేనెక్కడా రాయలేదు. ఎవరైనా అడిగితే "అప్పట్లో ఏదో కంప్యూటర్ పని చేసేదాన్ని" అని దాటేస్తాను. పనేమిటో చెప్తే సార్ పేరు వస్తుంది, సార్ పేరు వస్తే నేను చేసింది చెప్పాలి. ఇప్పుడిక ఎవరి మొహం చూడలేకపోతానని భయపడాలి? అందుకని చెప్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా ఇంట్లో మాటకు కరువు లేదు గాని, మాటలన్నీ అమ్మవే; ఆమెను అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు. ఊళ్లో పొలం కౌలుకిచ్చి మేము కరీంనగర్ చేరేనాటికి నేను బడికి పోయే పిల్లను. అవ్వ కోడి కూయకముందే లేచి వాకిట్లో అలుకు చల్లి, నీళ్ల కాగు కింద మంట పెట్టేది. కట్టెల పొగ, తడి పేడ, ఆ వెంటనే మరిగే చాయ, ఈ మూడు వాసనలు ఒకదాని వెనుక ఒకటి వస్తే తెల్లవారినట్టు. బాపు పడక కుర్చీలో కూర్చుని చాయ సాసర్లో పోసుకుని తాగేవాడు, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. అడిగినదానికి ఒప్పుకుంటే "కానియ్యి" అనేవాడు. ఎటూ తేల్చుకోలేకపోతే "చూద్దాం తియ్" అనేవాడు. వద్దనుకుంటే ఏమీ అనేవాడు కాదు. పేపరు ఇంకో పేజీ తిప్పేవాడు, అంతే. మా చుట్టాల్లో పెద్దమనుషులంతా అదే బాపతు. వద్దు అనే మాట నోటితో అంటే అవతలి వాడి పరువు పోతుందని వాళ్ల లెక్క. కూలికొచ్చిన వాడు అడిగినా, అల్లుడు అడిగినా అదే పద్ధతి.

ఆ ఊరుకోవడానికి అర్థం చెప్పేది అవ్వ. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ పోయి కంప్యూటర్ చదువుతానని బాపును అడిగాను. ఆయన పేజీ తిప్పాడు. నేను ఇంకోసారి అడగబోతే అవ్వ వంటింట్లోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "మీ బాపు ఒద్దంటుండు బిడ్డా" అంది. "ఏమన్లే గదనే!" అన్నాను నేను. "గదే. ఒద్దంటుండు" అంది. అవ్వ ఎప్పుడూ "బాపు మాట్లాడలే" అని ఊరుకునేది కాదు. ఆయన మింగిన మాటను తాను పలికేది. కౌలు రైతులకూ, ఆడబిడ్డలకూ, నాకూ ఆమె నోటి నుంచే బాపు మాటలు అందేవి. అదొక పని అని అప్పట్లో ఎవరమూ అనుకోలేదు. నేను కరీంనగర్‌లోనే బస్టాండు దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, నేర్చుకోవడం అయ్యాక అక్కడే నేర్పడం మొదలుపెట్టాను.

అట్లా ఉండగా నాకు "పలక" పరిచయమైంది. పలక అంటే కంప్యూటర్‌లో తెలుగు రాసే ఒక ప్రోగ్రాం. దాన్ని ఏ కంపెనీ తయారుచేయడం లేదు. హైదరాబాద్‌లో కొందరు, కోస్తాలో కొందరు, బయటి దేశాల్లో కొందరు, ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు తలా ఒక ముక్క కట్టుకొస్తున్నారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. అందర్నీ కలిపింది ఒక ఈ-మెయిల్ లిస్టు. లిస్టుకు ఒక చిరునామా ఉంటుంది. దానికి ఒక ఉత్తరం రాస్తే లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరికీ చేరుతుంది, జవాబు రాస్తే అదీ అందరికీ చేరుతుంది. హైదరాబాద్‌లో ఉండే మోహన్ గారు ఈ పనికి పెద్ద. బందరు వైపు మనిషి, ఓపికమంతుడు. లిస్టు చూసుకోవడానికి ఎవరైనా కావాలని ఆయన అడిగితే నేను సరేనన్నాను. చదువుకు పోలేకపోయినా ఆ మనుషుల మధ్యకు ఇట్లాగైనా పోయానన్న సంబరం కొంత ఉండింది, అబద్ధమెందుకు.

పని పొద్దున ఐదింటికి. ఆ వేళకు ఫోను లైను ఖాళీగా ఉండి హైదరాబాద్ కలిసేది. హాల్లో ఫోను పక్కన ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చిన పాత కంప్యూటర్, దాన్ని ఫోను లైనుకు కలిపే మోడెం. అది కూతపెట్టినప్పుడల్లా బాపు పక్క గదిలో దగ్గేవాడు. కొత్తగా చేరతామన్న వాళ్లను చేర్చాలి. పెట్టె నిండి వెనక్కి తిరిగొచ్చిన ఉత్తరాలు చూసి, పోస్ట్‌మన్ కవరు మీద "ఇంటికి తాళం" అని రాసినట్టు, ఆ పేర్లు పక్కన పెట్టాలి. లిస్టులోంచి తీసేయమని నాకు రాయకుండా ఊరందరికీ రాసేవాళ్లకు నచ్చజెప్పాలి. ఒకసారి ఒకాయన సెలవు మీద పోతూ, తనకు ఎవరు రాసినా "నేను ఊళ్లో లేను" అని దానంతట అదే జవాబు పోయేటట్టు పెట్టుకుని పోయాడు. ఆ జవాబు లిస్టుకు పోయి, లిస్టు నుంచి మళ్లీ ఆయనకే పోయి, దానికి ఇంకో జవాబు వచ్చి, తెల్లారేసరికి అందరి పెట్టెలూ నిండిపోయాయి. అవ్వకు చెప్తే కడుపు పట్టుకుని నవ్వింది. "ఊళ్లె లేనని ఊరంత చాటుకున్నడా?" అంది. లిస్టు అన్న మాట మొదటిసారి విన్నప్పుడు కూడా అంతే. "గదేం లిస్టే పొల్లా, కిరాణం లిస్టా, ఓట్ల లిస్టా?" బాపు మాత్రం ఒక్కసారి అడిగాడు, ఏం పని అది అని. చెప్పాను. "అంటే డప్పు చాటింపన్నట్టు" అని మళ్లీ పేపర్లో పడ్డాడు.

లిస్టుకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా ఏదైనా మార్పు చేద్దామంటే ముందు లిస్టుకు రాయాలి. వారం గడువు. వద్దనేవాళ్లు ఆ వారంలో వద్దనాలి. ఎవరూ మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టే. గడువు తీరాక ఫలితం చాటే పని నాది. అన్ని దేశాల మనుషులు, అందరికీ పనులు, ప్రతిదానికీ అందరూ సరే అనేదాకా ఆగితే పలక మీద ఒక్క అక్షరం కూడా పడదు. కనుక అది మంచి కట్టుబాటే, ఇప్పటికీ నేను దాన్ని తప్పనను. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లూ అన్నదే గదా. అవ్వకు అదీ చెప్పాను. రొట్టె కొడుతూ వింది. "గట్లయితే మీ బాపు అన్నిటికి ఒప్పుకున్నట్టేనాయె" అని ఇంకోసారి నవ్వింది.

గంగారాం సార్ పదో తరగతి పేపర్లు దిద్దడానికి కరీంనగర్ వచ్చినప్పుడు మా ఇన్‌స్టిట్యూట్ బోర్డు చూసి లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి. సంచిలో నోటుబుక్కులు. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి దాచిపెట్టొచ్చా అని అడిగాడు. తెరిచి చూస్తే అన్నీ మాటలు. దారికి తొవ్వ, జ్ఞాపకానికి యాది, ఒడుపుకు ఇగురం, తొందరగా అనడానికి బిరాన, స్పృహకు సోయి. వచ్చిండు, పోయిండు, రాలే, పోలే. ఉట్నూర్, జైనూర్ పక్క ఊళ్లలో తిరిగి, మరాఠీ కలిసిన మాటలతో సహా ఒక్కొక్కటీ విని రాసుకున్నాడు. కాగితాలకు పొగ వాసన పట్టేసింది. ఎందుకివన్నీ అంటే చెప్పాడు.

"పొల్లగాండ్లు వచ్చిండు అని రాస్తే తప్పని కొట్టేద్దును బిడ్డా. మార్కులు కోద్దును. వచ్చాడు అని రాయాలె అందును. శానా ఏండ్లు గదే చేసిన. ఒకసారి ఒక పిల్ల పరీక్షల తెల్లకాయితం ఇచ్చి లేసింది. ఏందమ్మా, ఏం రాయలే అంటే, ఏం రాసినా తప్పే గద సార్ అన్నది. మల్ల బడికి రాలే."

ఆ పిల్ల ఇంటికి రెండుసార్లు పోయాడట. తండ్రి మంచం వాల్చి నీళ్లిచ్చాడు గాని పిల్లను పంపుతానని గానీ పంపనని గానీ అనలేదట. ఆ తర్వాతే ఈ నోటుబుక్కులు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే పలకకు అక్షరదోషాలు పట్టే పని పెడుతున్నారు. దానికి తెలిసిన మాటల పట్టిక ఒకటి ఉంటుంది. పట్టికలో లేని మాట ఎవరైనా రాస్తే కింద ఎర్ర గీత పడుతుంది. ఆ ప్రోగ్రాం బడులకు పంచాలని మోహన్ గారి ఆలోచన. సార్‌కు అది చెప్పగానే కుర్చీలో ముందుకు జరిగాడు. "అయితే మా మాటలు గా పట్టికల ఎక్కితే, ఇగ ఎవ్వరు తప్పనరు?" అన్నాడు. "అనరు సార్" అన్నాను. ఆయనకు కావలసింది అదొక్కటే. అది జరిగితే తాను చేసిన తప్పు కొంతైనా దిద్దుకున్నట్టు అనుకున్నాడని నాకు తెలుసు.

అట్లా సార్ మా లిస్టులో చేరాడు, కంప్యూటర్ లేకుండా, ఫోను లేకుండా. పొద్దున వచ్చిన ఉత్తరాల్లో మాటలకు సంబంధించినవి నేను అచ్చుతీసి, కవర్లో పెట్టి, ఉట్నూర్ బస్సు కండక్టర్ యాదగిరికి ఇచ్చేదాన్ని. అప్పట్లో ఈ-మెయిల్‌లో తెలుగు అక్షరాలు పోయేవి కావు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. సార్‌కు అది చదవడం కష్టమని నేను ప్రతి వరుస కిందా తెలుగులో చేత్తో రాసి పంపేదాన్ని. ఆయన జవాబు అదే బస్సులో తిరిగొచ్చేది, గుండ్రటి దస్తూరీలో. దాన్ని నేను మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి లిస్టుకు పంపేదాన్ని. లిస్టులో అందరూ ఆయన్ను ఉట్నూర్ మాస్టారు అనేవారు. ఆయన జవాబులు రెండు మూడు రోజులు ఆలస్యంగా ఎందుకొస్తాయో చాలామందికి తెలియదు. పట్టిక ఏడాదిన్నరలో బాగా పెరిగింది. ఒకాయన ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి "ఇగురం అనే మాట మా నాయనమ్మ అనేది, ఇన్నేళ్లకు మళ్లీ చూశాను" అని రాస్తే, ఆ కవరు సార్ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని యాదగిరి వచ్చి చెప్పాడు.

ఆ ఎండాకాలం అవ్వ పోయింది. జ్వరం అన్నారు, ఆస్పత్రిలో నాలుగు రోజులుంది, అయిపోయింది. ఇల్లంతా జనం. పన్నెండు దినాలూ ఏది ఎవరు చెప్తే అది చేశాను. పదమూడో నాడు పొద్దున ఐదింటికి అలవాటుగా లేచి హాల్లోకి వచ్చాను. పొగ వాసన లేదు. కాగు బోర్లించి ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుని తిరిగొచ్చిన ఉత్తరాలు ఏరడం మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు. ఆ రోజు రాలేదు, తర్వాతా రాలేదు. చుట్టాలు నన్ను గట్టిదన్నారు. గట్టిదనం కాదది. చెయ్యి మీద పడుకుంటే తిమ్మిరెక్కి ఎవరి చెయ్యో అయినట్టు, నేనంతా అట్లా అయ్యాను. లిస్టు పని ఆ తిమ్మిరికి సరిగ్గా సరిపోయింది. చేర్చు, తీసెయ్, వదులు, ఆపు. దానికి మనసుతో పని లేదు. అవ్వ సంగతి లిస్టులో ఎవరికీ చెప్పలేదు. బాపు ఇదివరకు మూడు మాటలు మాట్లాడేవాడు, ఇప్పుడు ఒకటి. ఆయన ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని. ఇంటికి వచ్చిన కౌలు రైతులు ఏమీ తేలక, చాలాసేపు కూర్చుని లేచి పోయేవారు.

అప్పుడొచ్చింది మోహన్ గారి ఉత్తరం. పలక తయారైంది, బడులకు పంచాలి, అరచేతంత ఫ్లాపీ ఒక్కదానిలో పట్టాలి. రెండు ఫ్లాపీలైతే బడుల్లో ఒకటి పోగొడతారు, ఒకటి మిగులుతుంది, ప్రోగ్రాం ఎక్కదు. మాటల పట్టిక పెద్దదై ఫ్లాపీలో పట్టడం లేదు. కనుక ఈ విడతకు వచ్చిండు, పోయిండు, రాలే వంటి ప్రాంతీయ రూపాలు పక్కన పెట్టి, వచ్చే విడతలో చేర్చుకుందాం. "వద్దనుకునేవారు వారంలోగా చెప్పండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా, ముఖ్యంగా ఉట్నూర్ మాస్టారు మొహమాటపడకుండా చెప్పాలి. ఎవరూ మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టే భావిస్తాను." ఆయన మర్యాదగానే రాశారు. ఆ ఉత్తరంలో నేను ఇప్పటికీ ఒక్క చెడ్డ మాట చూపించలేను.

అచ్చుతీశాను, ప్రతి వరుస కిందా తెలుగులో రాశాను, కవరు అంటించి బస్సుకు ఇచ్చాను. నా మాటగా ఒక్క ముక్క కూడా చేర్చలేదు. నాలుగో రోజుకూ జవాబు రాలేదు. ఆరో రోజు బస్టాండుకు పోయి యాదగిరిని అడిగాను.

"సార్‌కు అందలేదా యాదగిరన్నా?"

"అందకపోవుడేంది? నా చేత్తోని సార్ చేతుల వెట్టిన. నిలబడే చదివిండు."

"మరి జవాబు?"

"ఏమియ్యలే. మల్ల ట్రిప్పుల పోయెటప్పుడు కూడ అడిగిన, ఏమన్న ఇచ్చేదున్నదా సార్ అని. సప్పుడు జెయ్యలే. కాయితం మడిచి జేబుల వెట్టుకున్నడు."

నాకు అర్థమైంది. ఇది తెలియక చేసిన పని అని ఎవరికీ చెప్పుకోలేను. సప్పుడు చేయని మనిషి ఏమంటున్నాడో పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని. ఆ లిస్టులో ఉన్న అంతమందిలో ఆ ఊరుకోవడాన్ని చదవగలిగింది నేనొక్కదాన్నే. "ఉట్నూర్ మాస్టారు వద్దంటున్నారు" అని ఒక్క వరుస రాస్తే చాలు. మోహన్ గారు వెంటనే ఆపేసేవారు, అంత మంచివారు. అవ్వ జీవితమంతా చేసిన పని అదే, చెయ్యి తుడుచుకుంటూ చేసింది. కానీ ఎనిమిదో రోజు పొద్దున కూర్చుని నేను కట్టుబాటు చూశాను. సార్ చేత్తో రాసిన కాగితం నా దగ్గర లేదు. కాగితం లేనిది ఎట్లా రాయను అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా సాకే. ఆ రోజుల్లో ఎవరి మాటా మొయ్యాలని నాకు లేదు. "గడువు ముగిసింది. అభ్యంతరాలు రాలేదు. ప్రతిపాదన ఆమోదం పొందింది" అని కొట్టి పంపించి, చాయ పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మోహన్ గారి ఉత్తరం వచ్చింది. పెద్ద మనసుతో సర్దుకున్న ఉట్నూర్ మాస్టారికి అందరి తరఫున కృతజ్ఞతలు అని. వెనకే ఇంకో ఏడెనిమిది మంది అదే మాట. మాటలకు సంబంధించిన ఉత్తరాలు కనుక, పద్ధతి ప్రకారం వాటన్నిటినీ అచ్చుతీసి, కింద తెలుగులో రాసి, సార్‌కు బస్సులో పంపాను. పంపకుండా ఉండొచ్చని తోచనే లేదు. ఆ తరువాత ఉట్నూర్ నుంచి కవర్లు రావడం ఆగిపోయింది.

ఫ్లాపీలు సిద్ధమయ్యాక ఒకటి సార్‌కు ఇచ్చి రమ్మని మోహన్ గారే అన్నారు. వానలు మొదలైన రోజులు. నిర్మల్ దాటాక టేకు అడవి పచ్చగా తడిసి ఉంది, బస్సు కిటికీకి రేకు తలుపు, సగం దారి చీకట్లో కూర్చున్నట్టే ఉంది. సార్ బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ జరగనట్టే పలకరించాడు. ఇంట్లో ఆయన భార్య జొన్న రొట్టె, పుంటికూర పెట్టింది. లక్ష్మి అప్పుడు లంగా జాకెట్ల పిల్ల, నా చేతి గడియారం చూస్తూ కూర్చుంది. "అవ్వ సంగతి యాదగిరి చెప్పిండు బిడ్డా. కవర్లనన్న ఒక్క ముక్క రాయకపోతివి" అన్నాడు సార్. నేను తలూపాను. తిన్నాక ఒక ఆఫీసులో ఉన్న కంప్యూటర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆదివారం, గుమాస్తా తాళం ఇచ్చాడట. ఫ్లాపీ పెట్టి పలక ఎక్కించాను. సార్ కుర్చీ లాక్కుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టాడు. మా తాత జైనూర్ నుంచి వచ్చిండు.

చివరి మాట కింద ఎర్ర గీత పడింది.

"గిదేంది?" అన్నాడు.

"ఆ మాట పట్టికలో లేదు సార్. తీసేసిండ్రు గదా. అందుకే తప్పని చూపిస్తుంది."

"నేను ఒప్పుకోలే గద బిడ్డా."

"మీరు మాట్లాడలే సార్."

"మాట్లాడలే. ఒద్దన్నట్టే గద?"

"అక్కడ మాట్లాడకపోతే సరే అన్నట్టు సార్. ఉత్తరంలో రాసిండ్రు గదా. కింద తెలుగుల గూడ రాసిచ్చిన నేను."

"ఆ ముక్క చదివిన" అన్నాడు. తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "గది వాళ్ల పద్ధతి, మన పద్ధతి వాళ్లకు ఎట్ల ఎరుకైతదిలే అనుకున్న. నడుమ నువ్వున్నవు గదా అని ఊకున్న."

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. అదే ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని, ఫ్లాపీ అనీ, చోటు లేదనీ, వచ్చే విడత అనీ. "పొల్లగాండ్లకు గీతలు రావద్దు గద" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. వేలితో ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ వచ్చి, మళ్లీ కొట్టాడు. మా తాత జైనూర్ నుంచి వచ్చాడు. గీత పోయింది. "ఆ. గిట్లనే రాయమని చెప్త" అని లేచి, కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, తాళం వేశాడు. బస్సు దాకా వచ్చి సీటు దొరికేదాకా నిలబడ్డాడు.

వచ్చే విడత రాలేదు. తలా ఒక పనిలో పడ్డారు, లిస్టులో ఉత్తరాలు పలచబడ్డాయి, ఒక రోజు నేనే దాన్ని మూసేశాను. మూసే ముందు కూడా వారం గడువు పెట్టాను, ఎవరూ మాట్లాడలేదు. ఆ మాటలు మళ్లీ చేర్చమని ఒక్క ఉత్తరం రాయడానికి నాకు అన్నాళ్లూ వీలుండింది, రాయలేదు. సార్‌కూ రాయలేదు. ఆయనకు క్షమాపణ చెప్పాలని ఇప్పుడు అనిపిస్తున్నది గాని, వినడానికి మనిషి లేడు.

కాలం మారింది. ఇప్పుడు మా తమ్ముడి కూతురు ఫోన్‌లో తెలుగు కొడుతుంటే, వచ్చి అనగానే వచ్చిండు అని ఫోనే అందిస్తుంది. ఎవరు చేర్చారో, ఎవర్ని అడిగి చేర్చారో ఆ పిల్లకు తెలియదు, తెలియనక్కర్లేదు. దాని బళ్లో ఎవరూ మార్కులు కొయ్యరు. నేను ఇది రాస్తున్న కంప్యూటర్ కూడా ఏ మాట కిందా గీత గీయడం లేదు, వచ్చిండు అన్నా, రాలే అన్నా. ఇందాక మొదటి నుంచి ఒకసారి చదువుకున్నాను. బాపు అన్నాడు, సార్ వచ్చాడు, సార్ పోయాడు, నేను రాసినవన్నీ బడి తెలుగులోనే ఉన్నాయి. ఎవరూ అడగకుండానే అట్లా రాసుకుంటూ వచ్చాను.